అరవై రెట్లు చిన్నదైన సిపాయి

బేగంపేట పాత విమానాశ్రయానికి దగ్గర్లో ఓ పాతకాలపు భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో దోమ కడుపు గోడను పరీక్షిస్తూ మలేరియా పరాన్నజీవి జాడ పట్టుకున్నది అక్కడే. ఆ పరిశోధనకే 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. చిన్న వస్తువు ముందు గంటల తరబడి కూర్చునే ఓపికకు మా బేగంపేటలో అంత పేరున్న గుర్తు ఉంది. ఈ వ్యాసం అలాంటి ఓపికే అడిగే ఇంకో పని గురించి: బల్ల మీద ఆడే యుద్ధ క్రీడల కోసం సిపాయి బొమ్మలను తయారుచేసి రంగులద్దడం.

ఈ ఆట తెలియనివారికి రెండు మాటలు. చదరంగంలో గళ్ళుంటాయి, ఇందులో ఉండవు. బల్ల మీద గుట్టలు, గోడలు, వాగులు, చెట్లు పేరుస్తారు. చెరో సేనను నిలబెడతారు. సేన ఎంత దూరం కదలాలో టేపుతో కొలుస్తారు, దెబ్బ తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆట ఒక్క పూటలో అయిపోతుంది. సేనను తయారుచేయడానికి మాత్రం నెలలు పడుతుంది. చాలామందికి అసలు మమకారం ఆ తయారీ మీదే.

ఒక్కో సిపాయి పాదం నుంచి కంటి దాకా దాదాపు 28 మిల్లీమీటర్లు ఉంటాడు. అసలు మనిషికి అరవయ్యో వంతు. ఈ పనిలో ఉన్న కష్టమూ, సైన్సూ అంతా ఆ అరవై అన్న అంకె దగ్గరే ఉన్నాయి. మనిషిని అరవయ్యో వంతుకు కుదించగలం. నీటిని, వెలుతురును, గాలిలో తేమను కుదించలేం. అవి ఎప్పటిలాగే మన కొలతలోనే నడుస్తాయి. చిన్న బొమ్మకూ పెద్ద ప్రకృతికీ మధ్య ఉన్న ఆ తేడాను చేత్తో పూడ్చడమే బొమ్మలకు రంగులద్దే విద్య.

రాజుల బల్ల నుంచి పిల్లల నేల మీదికి

యుద్ధాన్ని బల్ల మీద ఆడడం సైనికాధికారుల శిక్షణగా మొదలైంది. ప్రష్యాలో రైస్విట్జ్ అనే ఆయన 1812లో కొండలు, నదులు ఉన్న పలకలతో ఒక ఆటబల్లను రాజుకు చూపించాడు. ఆయన కొడుకు దానికి పటాలు, నియమాలు జోడించి 1824లో సైన్యానికి అందించాడు. ఆ ఆటలో దళాలంటే చిన్న దిమ్మలే.

సిపాయిలకు మనిషి రూపం ఇచ్చింది ఆటబొమ్మల పరిశ్రమ. 1893లో ఇంగ్లండ్‌లో విలియం బ్రిటన్ సంస్థ ఓ ఉపాయం కనిపెట్టింది. కరిగించిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, గోడలకు అంటిన పొర గట్టిపడగానే మిగతా ద్రవాన్ని బయటికి వంపేస్తారు. లోపల బోలుగా ఉన్న బొమ్మ మిగులుతుంది. లోహం ఆదా, బరువు తక్కువ, ధర చౌక. దాంతో సేనలు మామూలు ఇళ్ళలోకి వచ్చాయి. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ ఈ బొమ్మలతో నేల మీద ఆడుకునే ఆటకు నియమాలు రాసి పుస్తకంగా వేశాడు. ఈనాటి ఆటలకు అది తాత లాంటిది.

ఈ కథలో సికింద్రాబాద్‌కూ చిన్న పాలు ఉంది. విన్‌స్టన్ చర్చిల్ చిన్నప్పుడు దాదాపు 1500 సిపాయి బొమ్మలు పోగుచేసుకున్నాడు. ఆ బొమ్మలే తన జీవితాన్ని సైన్యం వైపు తిప్పాయని తర్వాత ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1896 నవంబరులో 21 ఏళ్ళ సైనికాధికారిగా బెంగళూరు నుంచి పోలో పోటీకి ఇక్కడికి వచ్చాడు. ఆయన దళం గోల్కొండ కప్పు గెలుచుకుంది. అప్పుడు ఆయన ఉత్తరాలు రాసింది ఇక్కడి తిరుమలగిరి నుంచే.

తర్వాత సీసం పోయి తగరపు మిశ్రమం, ప్లాస్టిక్ వచ్చాయి. 1983లో గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ ‘వార్‌హామర్’ విడుదల చేశాక ఈ అభిరుచి ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ ఉంటే బొమ్మను ఇంట్లోనే పుట్టించవచ్చు.

పూత మందం ఎంత?

ఈ రంగంలో కొత్తవాళ్ళకు అందరూ చెప్పే మొదటి మాట ఒకటే: చిక్కగా ఒక పూత వద్దు, పలచగా రెండు వేయి. అరవై లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. కుంచెతో వేసిన పూత ఆరాక 0.05 మిల్లీమీటర్ల మందం ఉందనుకుందాం. కాగితమంత కూడా లేదు. సిపాయి లెక్కలో అది 3 మిల్లీమీటర్లు. అలాంటివి నాలుగు పడితే అతని ముఖానికి సెంటీమీటరు పైన సిమెంటు పూసినట్టే. పెదవులు, కనురెప్పలు, చొక్కా గుండీలు అందులో మునిగిపోతాయి.

వాడే రంగు ఎక్కువగా ఆక్రిలిక్. సీసాలో ఉన్నప్పుడు అది నీళ్ళలో తేలే రెండు రకాల రేణువులు: ఒకటి రంగు పొడి, రెండోది ప్లాస్టిక్ లాంటి పాలిమర్ బిందువులు. నీళ్ళు ఆవిరవుతుంటే పాలిమర్ బిందువులు దగ్గరకు జరిగి, ఒకదాన్నొకటి నొక్కుకుని, చివరికి కలిసిపోయి ఒకే పొరగా మారతాయి. రంగు పొడి ఆ పొరలో చిక్కుకుంటుంది. ఒకసారి ఆరిందంటే మళ్ళీ నీళ్ళలో కరగదు. అందుకే ఆరిన పూత మీద ఇంకో పూత భయం లేకుండా వేయవచ్చు. అందుకే కుంచె వెంట్రుకల మొదళ్ళలో రంగు ఆరనిస్తే ఆ కుంచె పనైపోయినట్టే.

రంగు కన్నా ముందు ప్రైమర్ వేయాలి. నున్నటి ప్లాస్టిక్ మీద నీటి రంగు పరుచుకోదు, ముత్యాల్లా విడిపోతుంది. నీటి అణువులకు ప్లాస్టిక్ కన్నా తోటి అణువుల మీదే ఆకర్షణ ఎక్కువ. ప్రైమర్ బొమ్మను అంటిపెట్టుకుని, పైన కాస్త గరుకుతనం ఇస్తుంది. ఆ గరుకు మీద రంగు నిలుస్తుంది.

నీళ్ళు దారి వెతుక్కునే చోటు

రంగులద్దడంలో చూడముచ్చటైన ఘట్టం వాష్ వేయడం. బాగా పలచన చేసిన ముదురు గోధుమ రంగును తలపాగా మీద పెడితే, చూస్తుండగానే అది మిట్టలను వదిలి మడతల్లోకి జారుతుంది. ఒక్కో మడతా విడివిడిగా తేలుతుంది. బొమ్మను తలకిందులుగా పట్టుకున్నా రంగు మడతల్లోంచి బయటికి రాదు. గురుత్వాకర్షణ ఏమైనట్టు?

నీటికి ఒక సరిహద్దు కొలత ఉంది: సుమారు 2.7 మిల్లీమీటర్లు. అంతకన్నా పెద్ద కొలతల్లో నీటిని గురుత్వాకర్షణ నడిపిస్తుంది. అంతకన్నా చిన్న సందుల్లో పెత్తనమంతా తలతన్యతది, అంటే నీటి ఉపరితలపు బిగువుది. తలపాగా మడత వెడల్పు అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. అక్కడ పైకీ కిందికీ తేడా లేదు. ఎక్కడ సందు ఇరుకైతే నీళ్ళు అక్కడికి లాగబడతాయి. అసలు సైనికుడు వానలో తడిస్తే నీళ్ళు కిందికి కారిపోతాయి. అరవయ్యో వంతుకు తగ్గిన సిపాయికి ఆ 2.7 మిల్లీమీటర్లు అతని లెక్కలో 16 సెంటీమీటర్లు. అతని ఒంటి మీద నీరు మనమెరిగిన నీరులా ప్రవర్తించదు. ఆ విడ్డూరమే పనివాడికి సాయం: చేత్తో గీయలేని సన్నటి నీడలను నీళ్ళే గీసిపెడతాయి.

అదే నీరు డాలు, దుప్పటి లాంటి చదునైన చోట్ల చిక్కు తెస్తుంది. ఆరాక చుట్టూ ముదురు అంచు, మధ్యలో వెలిసిన మరక మిగులుతాయి. కాఫీ చుక్క ఆరితే పడే వలయం కూడా ఇదే. 1997లో షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దీని కారణం తేల్చారు. చుక్క అంచు దగ్గర నీరు వేగంగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోంచి నీరు అంచు వైపు ప్రవహిస్తూ రేణువులను మోసుకుపోతుంది. కాబట్టి చదును చోట రంగును నిలవనివ్వకూడదు. తడి పిండేసిన కుంచె మొన తాకిస్తే మిగులు రంగును అదే పీల్చుకుంటుంది.

కుంచె మొన కూడా తలతన్యత పుణ్యమే. తడిసిన వెంట్రుకలను నీటి పొర ఒక్కచోటికి లాగి సూదిలా చేస్తుంది. కన్ను గీయాలంటే అతి చిన్న కుంచె కావాలని కొత్తవాళ్ళు అనుకుంటారు. చిన్న కుంచె పట్టేది చిటికెడు రంగు. అది బొమ్మను చేరేలోపే ఆరుతుంది. కడుపు నిండుగా రంగు పట్టి, మొన పదునుగా ఉండే ఒకటో నంబరు కుంచె మేలు. ముంగిస వెంట్రుకల కుంచెలు ఎవరైనా చూపించినా కొనవద్దు. ముంగిస 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు, దాని వెంట్రుకల వ్యాపారం నేరం. ఈరోజుల్లో సింథటిక్ కుంచెలు బాగానే పనిచేస్తున్నాయి.

మే నెల వేరు, ఆగస్టు వేరు

రంగుల కంపెనీల సూచనలు ఎక్కువగా చలి దేశాల్లో రాసినవి. హైదరాబాద్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటి, పైన ఫ్యాను తిరుగుతుంటే పాలెట్ (రంగులు కలిపే పలక) మీద చుక్క కళ్ళముందే తోలు కడుతుంది. దీనికి మందు తడి పాలెట్. మూత ఉన్న డబ్బాలో తడి స్పాంజ్ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగును కాగితం మీద పెట్టాలి. పైన ఎంత నీరు ఆవిరవుతుందో, దాదాపు అంత నీరు కింద నుంచి కాగితంలోంచి ఊరుతుంది. మూత పెడితే రంగు మర్నాటి దాకా బతుకుతుంది. మా ఇంట్లో వేసవిలో ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి, తెల్లవారుజామున పని చేసుకోవడమే అలవాటు.

వానాకాలం బెడద వేరు. పని పూర్తయిన బొమ్మకు రక్షణగా స్ప్రే వార్నిష్ కొడితే, నల్లటి గుర్రం మీద తెల్లటి మంచు పట్టినట్టవుతుంది. స్ప్రేలోని ద్రావణి ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ నీరై వార్నిష్ పొరలో చిక్కుకుంటుంది. ఆ సూక్ష్మ బిందువులు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొట్టడం వల్లే తెలుపు. తేమ 80 శాతం దాటిన రోజున స్ప్రే డబ్బా ముట్టుకోకపోవడమే ఉత్తమం. కుంచెతో పూసే వార్నిష్‌తో ఈ బెడద ఉండదు.

ఫెవిక్విక్ లాంటి జిగురుకు మాత్రం తేమే ప్రాణం. 1942లో తుపాకీ గురి చూసే పారదర్శక పరికరాల కోసం వెతుకుతున్న అమెరికా రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందానికి ఈ పదార్థం తగిలింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని అప్పట్లో పక్కన పెట్టేశారు. గాలిలో, వస్తువు మీద ఉండే కాస్త తేమ తగలగానే దాని అణువులు గొలుసులు కట్టి గట్టిపడతాయి. ప్లాస్టిక్ బొమ్మల సిమెంటు తీరు వేరు. అది రెండు ముక్కల అంచులనూ కరిగిస్తుంది. పాలిమర్ గొలుసులు ఒకదాంట్లోకి ఒకటి అల్లుకుంటాయి. ద్రావణి ఎగిరిపోయాక అతుకు అన్నదే ఉండదు, అంతా ఒకే ముక్క.

దూరం నుంచి దగ్గరితనం

ఇక వెలుతురు. 28 మిల్లీమీటర్ల బొమ్మను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూడడమంటే అసలు మనిషిని 36 మీటర్ల దూరం నుంచి చూడడమే. అంత దూరంలో ఉన్న మనిషి కంటిపాప మనకు కనిపించదు. బొమ్మలో మాత్రం కనిపించాలని కోరుకుంటాం. చూసేది దూరం నుంచి, కావలసింది దగ్గరితనం. రంగులద్దేవాడి ఉపాయాలన్నీ ఇక్కడే పుడతాయి.

మామూలు కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో భాగం దాకా వివరాలు విడదీయగలదు. 60 సెంటీమీటర్ల దగ్గర అది దాదాపు 0.17 మిల్లీమీటర్లు. మనిషి కన్ను వెడల్పు 3 సెంటీమీటర్లు, నల్లగుడ్డు 12 మిల్లీమీటర్లు అనుకుంటే, బొమ్మలో అవి అర మిల్లీమీటరు, 0.2 మిల్లీమీటర్లు. కన్ను పట్టగల హద్దు మీదే ఉన్నాం. అంతేకాదు, వివరం సన్నబడేకొద్దీ దాన్ని గుర్తించడానికి కంటికి నలుపు తెలుపుల మధ్య ఎక్కువ తేడా కావాలి. పెద్ద గోడ మీద లేత నీడ తెలుస్తుంది. వెంట్రుకంత గీతలో అదే లేత నీడ మాయమవుతుంది. అందుకే మడత లోపల అసలు కన్నా ముదురు, అంచు మీద అసలు కన్నా లేత రంగు వేస్తారు. దగ్గరగా చూస్తే అతిగా అనిపించిన రంగు, బల్ల మీద పెట్టగానే సహజంగా కుదురుతుంది.

మన గదుల వెలుతురు కూడా అడ్డం వస్తుంది. సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే ఉంటుంది కాబట్టి ఎండలో నీడలు కత్తిరించినట్టు పడతాయి. నాలుగు అడుగుల ట్యూబ్‌లైట్ రెండు మీటర్ల ఎత్తు నుంచి ముప్పై డిగ్రీలకు పైగా పరుచుకుని ఉంటుంది. తెల్ల గోడలు ఆ వెలుతురును మళ్ళీ వెనక్కి చిమ్ముతాయి. నీడలు కరిగిపోతాయి. మిట్టమధ్యాహ్నం పోరాడాల్సిన సిపాయి ఎండ ఎరగనట్టు చప్పగా కనిపిస్తాడు. కాబట్టి ఎండను కూడా మనమే రాయాలి. బొమ్మకంతటికీ నల్ల ప్రైమర్ వేసి, పైనుంచి ఏటవాలుగా తెల్ల స్ప్రే కొడితే, వెలుతురు తగిలే చోట్లు తెలుపు, గడ్డం కింద, చంకల్లో, గుర్రం పొట్ట కింద నలుపు మిగులుతాయి. ఆ పైన పలచటి రంగులు వేసుకుంటూ పోవడమే. ఏ గదిలో, ఏ దీపం కింద పెట్టినా ఆ ఎండ మారదు.

బల్ల మీద గోల్కొండ

సేనకు నేల కావాలి. ఇక్కడి వాళ్ళకు గోల్కొండను మించిన నేల ఏముంటుంది? 1687లో ఔరంగజేబు సేనలు దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించిన కోట అది. దాని గోడలు, అది కూర్చున్న గుట్ట, చుట్టూ గుండ్రాళ్ళు అన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు.

గుండు చేయడానికి గట్టి ఫోమ్ షీటు ముక్కను గుండ్రంగా చెక్కి, నలిపి ఉండ చేసిన అల్యూమినియం రేకుతో అంతటా ఒత్తితే రాతి గరుకు వస్తుంది. థర్మోకోల్ చౌక కానీ దాని మీద నేరుగా స్ప్రే పెయింట్ కొడితే గుంటలు పడి కరిగిపోతుంది. ప్లాస్టిక్ బొమ్మలను అతికించిన సిమెంటులో ఉన్నలాంటి ద్రావణే ఇక్కడ నష్టం చేస్తుంది, ఎందుకంటే థర్మోకోల్, బొమ్మల ప్లాస్టిక్ రెండూ పాలీస్టైరీనే. ముందు ఫెవికాల్, నీటి రంగు కలిపి ఒక పూత వేసుకోవాలి.

రాయి రంగులో అరవై లెక్క మళ్ళీ ఎదురవుతుంది. హైదరాబాద్ గ్రానైటును చేతిలోకి తీసుకుంటే లేత గులాబీ ఫెల్డ్‌స్పార్, గాజులాంటి క్వార్ట్జ్, నల్లటి మైకా పలుకులు విడివిడిగా కనిపిస్తాయి. అలాగే చుక్కలు చుక్కలుగా వేయాలనిపిస్తుంది. కానీ 5 మిల్లీమీటర్ల పలుకు బొమ్మలో 0.08 మిల్లీమీటర్లు, కంటికి అందదు. దూరం నుంచి అన్నీ కలిసి గులాబీ ఛాయ ఉన్న బూడిద రంగుగా కనిపిస్తాయి. ఆ కలిసిన రంగే వేయాలి. నేల మీద జల్లే ఇసుకకూ ఇదే సూత్రం. అర మిల్లీమీటరు ఇసుక రేణువు సిపాయి కాలికింద 3 సెంటీమీటర్ల గులకరాయి. మెత్తటి దుమ్ము కావాలంటే జల్లెడ పట్టిన పొడి మట్టి వాడాలి. కోట తలుపులకు ఏనుగులు ఢీకొనకుండా దిగగొట్టిన ఇనుప మేకులు ఆరంగుళాలవైతే, ఇక్కడ రెండున్నర మిల్లీమీటర్లు: గుండుసూది మొన సరిపోతుంది.

కొండపల్లికి ముందే తెలుసు

ఈ ఉపాయాల్లో చాలా వరకు తెలుగునాట కొత్తవి కావు. విజయవాడ దగ్గరి కొండపల్లిలో బొమ్మల పనివాళ్ళు తెల్ల పొణికి కర్రను సన్నటి సెగ మీద ఆరబెడతారు. తేమ పోకపోతే కర్ర తర్వాత బిగుసుకుని పగులుతుంది. చేతులు, తల, మొండెం విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ మక్కుతోనే సందులు పూడ్చి నునుపు చేస్తారు. ఈ అభిరుచిలో ఎమ్‌సీల్ పుట్టీ చేసే పని అదే. తర్వాత సున్నపు పూత. కర్ర రంధ్రాలు రంగును తాగేయకుండా అది అడ్డుకుంటుంది. పైన వేసిన పలచటి రంగులోంచి దూరిన వెలుతురును తెల్లగా వెనక్కి పంపి ఆ రంగును వెలిగిస్తుంది. ప్రైమర్ చేసే రెండు పనులూ అవే. ఆపైన సన్నటి కుంచెతో నల్లటి గీతలు, విశాలమైన కళ్ళు. కొలువు మెట్ల మీద అంత దూరంలో నిలబెట్టిన బొమ్మ ముఖం మనల్ని చూస్తున్నట్టు అనిపించడానికి కారణం ఆ కళ్ళే. నిర్మల్ బొమ్మలూ పొణికి కర్రవే.

త్రీడీ ప్రింటర్ దారి పూర్తిగా వేరు. 405 నానోమీటర్ల ఊదా వెలుతురు తగిలిన చోటల్లా ద్రవ రెసిన్ గట్టిపడుతూ పొర మీద పొరగా బొమ్మ లేస్తుంది. ఒక్కో పొర 0.05 మిల్లీమీటర్లు. గట్టిపడని రెసిన్ చర్మానికి తగిలితే అలర్జీ తెస్తుంది కాబట్టి చేతికి గ్లవ్స్ తప్పనిసరి, గాలి ఆడే గది కావాలి, వంటింట్లో అసలు పెట్టకూడదు. స్ప్రే కొట్టేటప్పుడు మాస్కు కట్టుకోవాలి. కుంచె మొనను నాలుకతో తడిపే అలవాటు ఎవరికైనా ఉంటే ఈరోజే మానుకోవాలి. కొన్ని రంగు పొడుల్లో విష లోహాలు ఉంటాయి. పాత సీసపు బొమ్మలు పట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక్క బొమ్మ, ఐదారు ఆక్రిలిక్ రంగులు, రెండు సింథటిక్ కుంచెలు, ఒక టేబుల్ లైటు చాలు. తొమ్మిదో తరగతి పిల్లలకు తలతన్యత, బాష్పీభవనం, పాలిమర్లు చెప్పడానికి ఇంతకన్నా చేతికందే పాఠం నాకు తోచదు.

నా అసలు కోరిక వేరే ఉంది. మనవాళ్ళ బల్లల మీద నెపోలియన్ సేనలు, రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకులు, కల్పిత లోకాల వీరులు చాలామంది ఉన్నారు. 1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులకు ఎదురు నిలిచిన బొబ్బిలి వీరులు రావాలి. ఓరుగల్లు కాపాడిన కాకతీయ పదాతులు రావాలి. వాళ్ళను చేయాలంటే ఏ తలపాగా, ఏ డాలు, ఏ కత్తి అని వెతకాలి. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో నిలబడి బొమ్మలు గీసుకోవాలి. రూపాన్ని కంప్యూటర్ తెరమీద చెక్కడం మన కుర్రాళ్ళకు వచ్చు. అంగుళం ముఖంలో ఏది ఉంచాలో, ఏది వదలాలో, ఏది పెంచి చూపాలో కొండపల్లి పనివాళ్ళకు తరతరాలుగా తెలుసు. ఈ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే మన యుద్ధాలకు మన చేతి సేనలు తయారవుతాయి. మొదటి అడుగు మనదే కావాలి: నేర్చుకోవడానికి మనమే కొండపల్లి వెళ్ళాలి, వాళ్ళ పనికి తగిన వెల కట్టి మరీ నేర్చుకోవాలి.